దయ్యం ఫిర్యాదు ఏమిటి?



ఆకాశవాణి వాళ్ళు దయ్యం సినిమాల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్తాను. దానికి ముందు మా ఊరి సంగతి ఒకటి వినండి. మాది ధర్మపురి. జగిత్యాల జిల్లా, గోదావరి ఒడ్డు. లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు ఆ ఆవరణలోనే యమధర్మరాజుకు కూడా దండం పెట్టుకుని పోతారు. యముడికి గుడి కట్టిన ఊళ్ళు దేశంలోనే చాలా తక్కువ. పాపుల్ని శిక్షించీ శిక్షించీ మనసుకు శాంతి లేక, యముడే ఇక్కడికి వచ్చి గోదావరిలో మునిగి నరసింహస్వామిని కొలిచాడని స్థలపురాణం చెప్తుంది. లోపల కోరలతో ఉన్న విగ్రహం. ఎదుట గండదీపం. వచ్చినవాళ్ళు అందులో ఇంత నూనె పోసి, గండాలు తప్పించు తండ్రీ అని మొక్కుతారు. ఆ కోరలు మొదటిసారి చూసిన పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారు. తల్లులు చెప్పే మాట ఒక్కటే: "ఏం కాదు బిడ్డా, తప్పు చేసినోళ్ళకే ఆయనతోని భయం."

దయ్యం సినిమాలన్నిటినీ నేను ఆ మాటతోనే కొలుస్తాను. భయానికి ఒక లెక్క ఉండాలి. తెర మీద తెల్లచీర కనబడగానే నాకు వచ్చే ప్రశ్నలు మూడు. ఈ దయ్యం ఫిర్యాదు ఏమిటి? ఎవరి మీద? బతికున్నప్పుడు ఆ ఫిర్యాదు విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈ మూడింటికీ జవాబున్న సినిమా నన్ను ఇంటిదాకా వెంటాడుతుంది. జవాబు లేని సినిమా ఇంటర్వెల్ సమోసాతో పాటే అరిగిపోతుంది.

నేను విమర్శకుణ్ణి కాను. టిక్కెట్టు కొనుక్కుని చూసేవాణ్ణి. అందుకని తీర్పులు చకచకా చెప్పేస్తాను. మీకు నచ్చకపోతే పక్కవాళ్ళతో పోట్లాడుకోండి. నాతో పోట్లాడదామంటే రేడియోలోంచి నాకు వినబడదు.

మొదలు నరసింహుడితోనే. తెలుగులో వచ్చిన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. విడుదల 1932 ఫిబ్రవరి 6. తెలుగు సినిమా నోరు విప్పగానే చెప్పిన కథ మా ఊరి దేవుడిదే అని మాకు కొంచెం గర్వం. గమనించారో లేదో, భయపెట్టే కథకు కావలసిన సరంజామా అంతా అందులో ఉంది. పగలూ రాత్రీ కాని వేళ. ఇంటా బయటా కాని గడప. మనిషీ మృగమూ కాని రూపం. అన్నిటికంటే ముఖ్యం, కన్నతండ్రి చేతిలో నానా బాధలు పడుతున్న ఒక పిల్లవాడి ఫిర్యాదు. 1967లో ఏవీఎం వాళ్ళు తీసిన రంగుల 'భక్త ప్రహ్లాద'లో రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు. అందులో నాకు స్తంభం పగలడం కంటే పగలబోయే ముందు క్షణాలు ఇష్టం. రంగారావు చూపు స్తంభం మీద పడుతుంది. ఉందో లేదో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే భయమంతా ఉంది. మొన్న 2025లో వచ్చిన యానిమేషన్ సినిమా 'మహావతార్ నరసింహ'లో బొమ్మ గొప్పది, గర్జన ఇంకా గొప్పది. పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. కానీ స్తంభం పగిలాక యుద్ధం మరీ సాగింది. దేవుడు వచ్చాక ఇక భయం ఎక్కడుంటుంది? నా ఓటు రంగారావుకే.

అదే రంగారావు 1951లో 'పాతాళ భైరవి' నేపాళ మాంత్రికుడు. కె.వి.రెడ్డి దర్శకత్వం, విజయా వారి చిత్రం. అప్పటికి రంగారావుకు నిండా ముప్పై మూడేళ్ళు కూడా లేవు. ఆ గడ్డం, ఆ నడక, మాట చివర ఆ సాగదీత చూస్తే వయసు ఎవరికీ గుర్తు రాదు. తోటరాముణ్ణి బలి ఇద్దామని తీసుకుపోయినవాడు తానే బలి అవుతాడు. మాంత్రికుడికి ధైర్యం ఉంది, తెలివి ఉంది, పట్టుదల ఉంది. లేనిదల్లా న్యాయం. అందుకే వాడి చావుకు హాలంతా చప్పట్లు కొట్టింది. దానికంటే ముందు 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. ఈ కథ మా దిక్కు సినిమా చూసి నేర్చుకున్నది కాదు. రాత్రంతా కూర్చుని కథ చెప్పించుకున్న ఊళ్ళు మావి. ఎత్తుకుపోయిన తల్లి కోసం కొడుకు పోతాడు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని తెలుసుకుంటాడు, చిలక మెడ విరుస్తాడు. ఫిర్యాదు తల్లిది, తీర్పు కొడుకుది. ఇప్పటి దర్శకులు వంద కోట్లు పెట్టి కట్టే కథలకు పునాది ఇంతే.

ఇక యముడు. మా ఊళ్ళో కోరలతో నిలబడ్డ ఆయనను తెలుగు సినిమా చేసిన తీరు తలచుకుంటే నవ్వొస్తుంది. 1960లో 'దేవాంతకుడు'. 1977లో 'యమగోల', దాంట్లో ఎన్టీ రామారావు యమలోకంలో యమభటుల చేత యూనియన్ పెట్టిస్తాడు. 1988లో 'యముడికి మొగుడు'. 1994లో 'యమలీల', అందులో యముడు పోగొట్టుకున్న భవిష్యవాణి పుస్తకం వెతుక్కుంటూ భూమ్మీదికి దిగుతాడు. 2007లో 'యమదొంగ', మోహన్‌బాబు యముడు. ఈ వరుసలో కైకాల సత్యనారాయణను మించిన యముడు లేడు, అది తేలిపోయిన విషయం. యముణ్ణి ఇంతగా ఆటపట్టించిన జాతి ఇంకొకటి ఉందో లేదో గానీ, దాని వెనక ఒక సంగతి ఉంది. ఈ సినిమాలన్నిటిలో గొడవ ఒక్కటే: లెక్క తప్పింది. తీసుకురాకూడని మనిషిని తీసుకొచ్చారు, పుస్తకం పోయింది, ఆఫీసులో పొరపాటు జరిగింది. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయిన జనం, ఆ కోపాన్ని యమలోకం మీద తీర్చుకున్నారు. వీటిని నేను దయ్యం సినిమాల పద్దులోనే రాస్తాను. నవ్వించినా, ఫిర్యాదు ఉంది కదా.

యముడి దగ్గర నవ్వు ఎంత బాగుందో, దయ్యం దగ్గర నవ్వు అంత చెడింది. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' బాగా ఆడింది. ఆ తర్వాత 'గీతాంజలి', 'రాజు గారి గది', వాటి వెనక లెక్కలేనన్ని. ఒక పాత బంగ్లా, నలుగురు కమెడియన్లు, ఒక దయ్యం పట్టిన హీరోయిన్. ఒకడు పరుగెత్తుతాడు, ఒకడు మంచం కింద దూరతాడు, ఒకడు చెంపదెబ్బ తింటాడు. ఆఖరి ఇరవై నిమిషాల్లో దయ్యం కన్నీళ్ళు పెట్టుకుని తన గతం చెప్తుంది. అంతసేపూ దాన్ని చూసి నవ్వమని చెప్పి, ఇప్పుడు ఏడవమంటే ఎట్లా? అత్యాచారమూ హత్యా జరిగిన ఆడపిల్ల కథను కామెడీ ట్రాకుకు తోకగా తగిలించడం నాకు గిట్టదు. ఈ మందలో వేరుగా నిలబడ్డది 2017లో మహి వి.రాఘవ్ తీసిన 'ఆనందో బ్రహ్మ'. అందులో దయ్యాలే మనుషులకు భయపడతాయి. నవ్వు కూడా దయ్యాల మీద కాక, మన మీద. అది నాకు పాస్.

సాయంత్రం సీరియల్ అయిపోయినాక చీకట్లో రేడియో వినే మీకు ఒక ముచ్చట తెలుసు: భయం ముందు చెవిలోకి వస్తుంది. హాల్లో గమనించండి. భయం వేసినప్పుడు పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుంటారు, వేళ్ళ సందుల్లోంచి చూస్తారు. గడుసు పిల్లలు చెవులు మూసుకుంటారు. వాళ్ళకు మర్మం తెలిసిపోయింది. చెవులు మూస్తే దయ్యం సగం చచ్చిపోతుంది. ఈ సంగతి తెలుగులో బాగా పట్టుకున్నవాడు రాంగోపాల్ వర్మ. 1992లో 'రాత్రి'. రేవతి నటించింది. కిక్కిరిసిన సినిమా హాలు ఒక్కసారిగా ఖాళీ అయిపోయి, ఆమె ఒంటరిగా మిగిలిపోయే ఘట్టం ఉంది చూడండి, అక్కడ రక్తం లేదు, కోరలు లేవు. ఖాళీ కుర్చీలు, నిశ్శబ్దం. అది చూసిన రోజు థియేటర్లో నా పక్క సీటు ఖాళీగా ఉంటే నాకు బాగుండలేదు. 1996లో ఆయనే 'దెయ్యం' తీశాడు. ఇల్లు కట్టుకున్నది శ్మశానం దగ్గర. అంతే కథ. 'రాత్రి'కి నూటికి ఎనభై. 'దెయ్యం'కు యాభై ఐదు. ఆ తర్వాత ఆయన తీసిన దయ్యాలలో తలుపుల కిర్రుమనే చప్పుడే మిగిలింది, ఫిర్యాదు పోయింది.

ఈ కాలం సౌండు గురించి ఒక మాట. కెమెరా మెల్లగా అద్దం దగ్గరికి పోతుంది. అంతా నిశ్శబ్దం. ఒక్కసారి ఢాం అని చెవులు పగిలే మోత. చూస్తే పిల్లి. ఇది భయం కాదు, ఉలికిపాటు. వెనకనుంచి వచ్చి చెవిలో అరిచినా ఉలిక్కిపడతాం, దానికి రెండు వందల రూపాయల టిక్కెట్టు అక్కరలేదు. అసలు భయం ఎట్లా పుడుతుందో చూడండి. 1975లో విడుదలైన 'జాస్' తీస్తున్నప్పుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. యంత్రంతో చేసిన షార్కు చేప ఉప్పునీళ్ళలో మాటిమాటికీ మొరాయించింది. చేసేది లేక చేపను తక్కువ చూపించి, నీళ్ళనూ సంగీతాన్నీ ఎక్కువ వాడుకున్నాడు. సినిమాను నిలబెట్టింది ఆ లోటే. గ్రాఫిక్స్ కుర్రవాళ్ళు ఏది అడిగితే అది చేసిపెట్టే ఈ రోజుల్లో, మన దర్శకుల దగ్గర ఒక్క రోజన్నా కంప్యూటర్ చెడిపోతే బాగుండునని నా కోరిక.

రేడియో మాట వచ్చింది గనుక ఇంకొకటి. 2025 సెప్టెంబరులో 'కిష్కింధపురి' అని వచ్చింది. పాడుబడ్డ రేడియో స్టేషన్, అందులో దయ్యం. రేడియో మనుషులుగా మనం చూడవలసిందే కదా. మొదటి సగం గొంతుతో భయపెట్టింది, బాగుంది. రెండో సగం హీరోకు ఫైట్లు కావాలి గనుక దయ్యానికి కూడా కండలు పెంచారు. గొంతుకు కండలెందుకు? ఇంకో పాత ముచ్చట. 1938 అక్టోబరు 30 రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ అనే కుర్రవాడు, అంగారక గ్రహం వాళ్ళు భూమ్మీద దిగారన్న హెచ్.జి.వెల్స్ నవలను రేడియో నాటకంగా, వార్తల ధోరణిలో వినిపించాడు. కొంతమంది శ్రోతలు నిజమనే అనుకున్నారు. మరునాటి పత్రికలు ఆ గొడవను జరిగినదానికంటే పెద్దది చేసి రాశాయి. భయాన్ని పుట్టించింది రేడియో, పెంచింది పత్రికలు. ఇప్పుడు ఆ రెండు పనులూ చేతిలో ఉన్న ఫోనే చేస్తున్నది.

తిరిగి మన సినిమాలకు. కోడి రామకృష్ణకు నా లెక్కలో ప్రత్యేకమైన పీట ఉంది. 1995లో 'అమ్మోరు'. సౌందర్య కోడలు, రమ్యకృష్ణ అమ్మవారు, రామిరెడ్డి దుర్మార్గుడు. అత్తింట్లో చిత్రహింసలు పడే ఆడపిల్ల ఫిర్యాదుకు జవాబుగా దేవతే పనిపిల్లగా ఇంటికి వస్తుంది. పోచమ్మకూ మైసమ్మకూ బోనాలెత్తే మా ఊళ్ళలో ఆ కథ సినిమాలా అనిపించలేదు. హాల్లో ఆడవాళ్ళకు పూనకాలు వచ్చాయని, తెర ముందు కొబ్బరికాయలు కొట్టారని అప్పట్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. ఆ పూనకం దేవతను చూసి మాత్రమే వచ్చిందనుకోను. ఎన్నో ఏళ్ళుగా లోపల దాచుకున్నది తెర మీద ఎవరో చెప్పేసినందుకు వచ్చింది. నూటికి ఎనభై ఐదు.

అదే దర్శకుడు, అదే నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి, 2009 సంక్రాంతికి 'అరుంధతి'. గద్వాల సంస్థానం, జేజమ్మ, సమాధిలో బతికుండగానే మూసేసిన పశుపతి. పశుపతిగా సోనూసూద్ శరీరానికి పి.రవిశంకర్ గొంతు తోడైంది. ఇక్కడా చెవిదే పైచేయి. ఆ గొంతు తీసేసి సినిమా చూడండి, సమాధి వట్టి సిమెంటు దిమ్మె. పశుపతికి న్యాయమైన ఫిర్యాదు ఏమీ లేదు. వాడిది కామం, పగ. నా కొలబద్ద ప్రకారం ఈ సినిమా ఓడిపోవాలి. ఓడలేదు, ఎందుకంటే అసలు ఫిర్యాదుదారు జేజమ్మ. వాణ్ణి చంపే ఆయుధం తన ఎముకలతోనే తయారు కావాలని ప్రాణం ఇచ్చిన మనిషి ఆమె. దయ్యం కంటే మనిషి పగ గట్టిదని చెప్పిన సినిమా. నూటికి తొంభై. నా పట్టికలో ఒకటో స్థానం దీనిదే.

'చంద్రముఖి' విషయంలో నాకు జనంతో తగాదా. 2005లో పి.వాసు తీశాడు. దాని మూలం 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన 'మణిచిత్రత్తాళు'. కథ అసలు చెప్పేదేమిటంటే, అక్కడ దయ్యం లేదు. ఒక మనిషి మనసుకు జబ్బు చేసింది. వైద్యుడు వచ్చి ఆ జబ్బుకు నాటకంతో చికిత్స చేశాడు. కానీ మన హాల్లో జనం ఏమని చూశారు? నాట్యకత్తె దయ్యమై వచ్చిందనే చూశారు. చివరికి డాక్టరు ఎంత వివరించినా, "ఏమోనయ్యా, అది దయ్యమే" అనుకుంటూ బయటికి వచ్చారు. దానికి కొంత తప్పు సినిమాదే. వైద్యం మాట ఐదు నిమిషాలు, గజ్జెల మోత గంటన్నర. మలయాళంలో శోభన నటనకు నమస్కారం, 'చంద్రముఖి'లో జ్యోతికకు సగం నమస్కారం.

నవలల్లో ఈ రెండు వాదాలనూ తూకం వేసి నడిపినవాడు యండమూరి వీరేంద్రనాథ్. ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' సీరియల్ వస్తున్న రోజుల్లో, అద్దె పుస్తకాల షాపులో ఆ పత్రిక కోసం క్యూ కట్టేవాళ్ళు. ఒకపక్క వైద్యం, ఒకపక్క మంత్రం, మధ్యలో ఒక పసిపిల్ల. చదివినవాళ్ళలో సగం మంది వైద్యాన్ని నమ్మారు, సగం మంది మంత్రాన్ని. ఆ నవలను నేను మెచ్చుకుంటాను, భయపడతాను కూడా. మంత్రాన్ని నమ్మిన సగం మంది ఎక్కడికి పోయారన్నదే నా భయం.

అక్కడికే వస్తున్నాను. ఈ మధ్య తెలుగులో చేతబడి సినిమాల కాలం నడుస్తున్నది. 2021లో 'మా ఊరి పొలిమేర', సత్యం రాజేష్ కమెడియన్ ముద్ర చెరిపేసుకుని నిలబడ్డాడు. పల్లె వాతావరణం, మాట, వీధి అన్నీ మన ఊళ్ళలాగే ఉన్నాయి. 2022లో 'మసూద'. సంగీత తల్లి, తిరువీర్ పక్కింటి కుర్రవాడు గోపీ. తెలుగులో చాలా కాలానికి భయస్థుడైన కథానాయకుణ్ణి చూశాను. గోపీ చేతులు వణుకుతాయి, గొంతు తడారిపోతుంది, అయినా పక్కింటి ఆడవాళ్ళను వదిలి పోడు. ధైర్యమంటే అది. దాని తర్వాత 2023లో 'విరూపాక్ష', కార్తీక్ వర్మ దండు దర్శకత్వం. రుద్రవనం అనే ఊరు. 1979లో చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్ళు నిప్పు పెట్టి చంపుతారు. పన్నెండేళ్ళ తర్వాత చావులు మొదలవుతాయి.

'విరూపాక్ష' పనితనం గట్టిది. అడవి, గుడి, ఊరి కట్టడి, ఒక్కొక్క చావు ఒక్కొక్క తీరు. కానీ నా మూడు ప్రశ్నలు వేస్తే సినిమా నీళ్ళు నములుతుంది. ఆ మంటల దగ్గర ఫిర్యాదు ఎవరిది? కాలిపోయినవాళ్ళది. ఎవరి మీద? ఊరి మీద. విన్నదెవరు? ఎవరూ లేరు. అక్కడ కెమెరా ఇంకాసేపు నిలబడి ఉంటే, నిప్పు పెట్టిన చేతుల్ని ఒక్కొక్కటిగా చూపించి ఉంటే, అది తెలుగులో వచ్చిన గొప్ప భయానక చిత్రం అయ్యేది. సినిమా ఆ పని చేయదు. ఎవరు చేస్తున్నారు అనే పొడుపుకథ వైపు పరుగెత్తుతుంది. చేతబడితో మనుషులు చస్తారన్న మాటను మాత్రం ఎక్కడా ప్రశ్నించదు.

వేరే ఊరివాళ్ళకు ఇది సినిమా. మాకు పేపర్లో వార్త. మంత్రాల నెపంతో హత్య అనే శీర్షిక ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పత్రికా పాఠకులకు కొత్త కాదు. అనుమానానికి ఎవరు దొరుకుతారో కూడా తెలిసిందే. ఒంటరి ముసలమ్మ. పిల్లలు లేని మొగుడూ పెళ్ళాలు. మూలికల వైద్యం చేసే మనిషి. పొలం గట్టు తగాదా ఉన్న పక్కింటివాడు. ఊళ్ళో ఒక పిల్లవాడికి జ్వరం తగ్గదు, ఒక బర్రె చస్తుంది. "ఎవరో చేసిండ్రు" అని ఒకరంటారు. ఆ "ఎవరో"కు వారం తిరక్కుండానే పేరు పెట్టేస్తారు. ఇక పంచాయితీ, పళ్ళు రాలగొట్టుడు, చెట్టుకు కట్టుడు. ఆ మనిషి చెప్పేది వినే దిక్కు ఉండదు. మా గుడిలో ఉన్న యముడైనా చిత్రగుప్తుడి చిట్టా చూశాకే శిక్ష వేస్తాడు. ఊరు చిట్టా చూడదు.

పొరుగున ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ నరబలి, క్షుద్రపూజల పేరిట జరిగే అమానుషాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. కర్ణాటక 2017లో చట్టం చేసింది. చట్టం ఒక్కటే చాలదు. బళ్ళలో జన విజ్ఞాన వేదిక వాళ్ళు చేసి చూపించే పనులు చూడండి. పసుపు నీళ్ళలో ఇంత సున్నం వేస్తారు, నీళ్ళు రక్తంలా ఎర్రబడతాయి. పొటాషియం పర్మాంగనేట్ పొడి మీద నాలుగు చుక్కలు గ్లిజరిన్ వేసి దూరంగా జరుగుతారు. కాసేపు ఏమీ కాదు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. పొగ లేస్తుంది, ఆ వెంటనే మంట. అగ్గిపుల్ల ఎవరూ గీయలేదు. మంత్రగాడి చేతిలో అదే మంట అయితే ఊరు వణుకుతుంది. మాస్టారి చేతిలో అయితే చప్పట్లు కొడుతుంది. అంతకంటే మంచి దయ్యం సినిమా నేను చూడలేదు. టిక్కెట్టు కూడా లేదు.

మిగతావి గబగబా. 1985లో వంశీ 'అన్వేషణ': అడవిలో చావులన్నీ పులి మీద నెట్టేస్తారు, చివరికి మనిషి దొరుకుతాడు. ఇళయరాజా పాటలతో, భయంతో, తెలుగులో అంత అందమైన సస్పెన్స్ మళ్ళీ రాలేదు. 1991లో సింగీతం 'ఆదిత్య 369': టైమ్ మెషీన్ ఎక్కించి కృష్ణదేవరాయల దగ్గరికి తీసుకుపోయాడు, ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి': కర్నూలు ఫ్యాక్షన్‌లో జాంబీలను దింపాడు, ఆలోచన ఫస్ట్ క్లాసు, నవ్వు సెకండ్ క్లాసు. హిచ్‌కాక్ 'సైకో', 1960: నలుపు తెలుపు, వయొలిన్ల కేక, ఆ స్నానాల గది. అరవై ఏళ్ళు దాటినా చెక్కు చెదరలేదు. 'ఎక్సార్సిస్ట్', 1973: మెడ తిరగడం గురించి అందరూ మాట్లాడతారు, నన్ను భయపెట్టింది మాత్రం ఆసుపత్రిలో ఆ పిల్లకు చేసే పరీక్షలు. 'తుంబాడ్', 2018: ఆశకు ఆకలి ఎక్కువ అని చెప్పిన కథ, ప్రతి దర్శకుడూ చూడాలి. 'భ్రమయుగం', 2024: మమ్ముట్టి, ఒక పాత ఇల్లు, నలుపు తెలుపు రంగులు. దయ్యం కంటే అధికారం భయంకరమని చూపించింది. ఈ పదేళ్ళలో దక్షిణాదిన వచ్చిన భయానక చిత్రాల్లో అదే మేటి. మన తెలుగులో అలాంటిది రావాలి.

మా ప్రాంతంలో కథలకు కొరత లేదు. సింగరేణి బొగ్గుబావుల్లో రాత్రి షిఫ్టు ఉంది. శ్రీరాంసాగర్ కింద మునిగిపోయిన ఊళ్ళున్నాయి. గల్ఫుకు పోయి పెట్టెలో తిరిగొచ్చిన కొడుకులున్నారు, వాళ్ళ కోసం విమానాశ్రయంలో రాత్రంతా నిలబడ్డ తండ్రులున్నారు. ఈ ఒక్కొక్కదాంట్లో ఎవరూ వినని ఫిర్యాదు ఉంది. ఇంకా పాత బంగ్లాలు, జుట్టు విరబోసుకున్న హీరోయిన్లు ఎందుకు?

దర్శకులకు నా మనవి అది. శ్రోతలకు ఇంకో మనవి. దయ్యం సినిమాలు చూడండి, హాయిగా భయపడండి, ఆ భయాన్ని హాల్లోనే దులిపేసి రండి. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వచ్చినా, మతి చలించినా, జ్వరం తగ్గకపోయినా, ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. ఊళ్ళో ఫలానావాళ్ళు మంత్రాలు చేస్తారని ఎవరైనా పేరు ఎత్తితే, ఆ మాట మీ దగ్గరే ఆగిపోవాలి. గుంపు కూడుతున్నదని తెలిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి. ఒక మనిషి ప్రాణం దక్కుతుంది.